రెండో వైపున పడిన కిరీటం

ఆదివారం సాయంత్రం శేషగిరి ఇంట్లో కూలర్ ఆపేస్తారు. మే నెల ఢిల్లీలో కూలర్ లేకుండా కూర్చునేవాళ్లు రెండు రకాలు. కరెంటు పోయినవాళ్లు ఒకరు, శేషగిరి ఇంటికి పాట వినడానికొచ్చినవాళ్లు ఇంకొకరు. పాట మధ్యలో కూలర్ రొద వినపడితే సంగీతాన్ని అవమానించినట్టేనని ఆయన సిద్ధాంతం. ఆర్కే పురంలోని ఆ సర్కారు క్వార్టరు హాల్లో నలుగురైదుగురు తెలుగు ఆఫీసర్లు, రిటైరైనవాళ్లూ కానివాళ్లూ, కళ్లు మూసుకుని చెమటలు కక్కుతూ కూర్చుంటారు. మొదటిసారి వచ్చిన ఒకాయన ఇదేదో ధ్యానం క్లాసనుకుని కాళ్లు కడుక్కుని మరీ లోపలికొచ్చాడు.

వాళ్లు వినేది మాత్రం డెబ్బైల నాటి ఇంగ్లండులో జుట్టు పెంచుకున్న కుర్రాళ్లు వాయించిన ప్రోగ్రెసివ్ రాక్. ఒక్కో పాట రికార్డులో ఒక వైపంతా సాగుతుంది. అందులో రాజులుంటారు, మంత్రగాళ్లుంటారు, వేళ్ల మీద లెక్కకు అందని తాళాలుంటాయి. అయిపోయిందనుకుని లేవబోతే మళ్లీ మొదలవుతుంది. సెక్రటేరియట్ ఫైళ్లతో కాపురం చేసినవాళ్లకు ఇందులో వింతేముందని దుర్గాంబ అభిప్రాయం. దుర్గాంబ శేషగిరి భార్య. ఆ సంగీతమంతా ఆవిడ వంటింట్లోంచే వింది. విననని అనడానికి ఆ క్వార్టరు గోడలు ఒప్పుకోవు.

ఆ ఆదివారపు సభకు మూలవిరాట్టు ఒక క్యాసెట్టు. పేపర్ బిషప్ అనే చిన్న బ్యాండు చేసిన 'సాల్ట్ ఆర్చర్డ్' అనే ఆల్బం అది. ఆ రికార్డు వేసిన కంపెనీ ఏనాడో మూతపడింది, టేపులు ఏ గోదాములోనో చిక్కుకుపోయాయి, సీడీ రాలేదు, నెట్‌లో వెతికినా దొరకలేదు. శేషగిరి కొత్తగా ఉద్యోగంలో చేరి కటవారియా సరాయ్‌లో అద్దె గదిలో ఉన్న రోజుల్లో, ఆఫీసులో సీనియర్ రఘురామ్ తన దగ్గరున్న ఎల్పీ నుంచి దాన్ని రికార్డు చేసిచ్చాడు. అప్పట్లో రికార్డు చేయడమంటే స్పీకరు ముందు స్టూలు వేసి, దాని మీద టేప్ రికార్డరు పెట్టి, ఇంటిల్లిపాదినీ నోరు మూసుకోమనడమే. ఆ రఘురామ్ చెల్లెలే దుర్గాంబ. శేషగిరికి ఆ ఇంటి నుంచి ముందు క్యాసెట్టు వచ్చింది, తర్వాత సంబంధం వచ్చింది. ఆ రెండింట్లో దేన్ని ఎక్కువ జాగ్రత్తగా చూసుకున్నాడని ఎవరూ అడగలేదు, అదృష్టవంతుడు.

ఆ ఆల్బం రెండో వైపున రాజ్యం వదిలేసుకునే ఒక రాజు కథ ఉంది. ఆర్గన్ మెల్లగా సన్నగిల్లి ఆగిపోతుంది. అంతా నిశ్శబ్దం. అప్పుడు దూరంగా 'ఠంగ్' మని ఒక లోహపు చప్పుడు. ఆ వస్తువేదో నేల మీద గింగిరాలు తిరిగి తిరిగి ఆగిపోతుంది. ఆగీ ఆగగానే గిటారు అందుకుంటుంది. ఆ చప్పుడు రాజు తల మీంచి జారిన కిరీటానిదని మొట్టమొదట కనిపెట్టింది శేషగిరి. తెలుగు సంఘం వార్షిక సంచికలో దాని మీద ఒక వ్యాసం కూడా రాశాడు. మనుషులు చేసిన చప్పుళ్లలో ఇంత గొప్పది ఇంకోటి లేదని అందులో తేల్చేశాడు.

ప్రతిసారీ ఆర్గన్ తగ్గుతుండగా ఆయన కుడిచేతి చూపుడువేలు పైకి లేస్తుంది. హాలంతా ఊపిరి బిగబడుతుంది. అదే సమయానికి వంటింట్లో గరిటె చప్పుడైతే మాత్రం ఆయన వెనక్కి తిరక్కుండానే "దుర్గా, ష్!" అంటాడు. ఆవిడ గరిటె కింద పెడుతుంది. కిరీటం పడుతుంది. అందరూ నిట్టూరుస్తారు.

నవ్వొచ్చే సంగతే గానీ, శేషగిరికి అది నవ్వులాట కాదు. ఇన్నేళ్ల సర్వీసులో ఆయన సొంతంగా తీసుకున్న నిర్ణయమంటూ ఒక్కటి లేదు. కింద నుంచి వచ్చిన ఫైలు మీద సంతకం పెట్టి పైకి పంపాడు, పై నుంచి వచ్చినదాన్ని కిందికి పంపాడు. వచ్చే నెల అండర్ సెక్రటరీగా రిటైరవుతున్నాడు. ఆయన వేలెత్తితే పదిమంది ఆగి చూసే చోటు ఈ లోకంలో ఆ హాలొక్కటే.

అలాంటివాడికి కూతురు నేహా రిటైర్మెంటు కానుక ముందే తెచ్చేసింది. గుర్గావ్ ఆఫీసు నుంచి నేరుగా వచ్చి, ఒక పెట్టె చేతిలో పెట్టింది. 'సాల్ట్ ఆర్చర్డ్' మళ్లీ విడుదలైంది. గోదాములో అసలు టేపులు దొరికాయట. వాటిని శుభ్రం చేసి హై-రిజల్యూషన్‌లో తెచ్చారట.

"పాపా, యే ట్వంటీఫోర్ బిట్ హై" అంది నేహా, వెంట తెచ్చిన చిన్న ప్లేయర్ బిగిస్తూ. "స్టూడియో మే జో బజాయా థా, సబ్ సునాయీ దేగా."

"మొత్తం వినపడుతుందంటావా తల్లీ?"

"ఎవ్రీథింగ్, పాపా."

నేహా వెళ్లాక, దుర్గాంబ కూరలకు వెళ్లిన సమయం చూసి, శేషగిరి ఒక్కడే కూర్చుని విన్నాడు. నిజంగా ఎంత బాగుందంటే ఆయనకు ఏడుపొచ్చింది. ఫ్లూటు వాయించేవాడు ఊపిరి పీల్చుకోవడం కూడా వినపడింది. ఆర్గన్ సన్నగిల్లింది. వేలు లేచింది. నిశ్శబ్దం వచ్చింది. గిటారు అందుకుంది.

మధ్యలో కిరీటం పడలేదు.

ఆయన వేలు దించి, వెనక్కి జరిపి మళ్లీ విన్నాడు. వేలెత్తితే పడుతుందేమోనని ఎత్తి విన్నాడు, ఎత్తకుండా విన్నాడు. ఫ్లూటువాడి ఊపిరి వినపడుతోంది, రాజుగారి కిరీటం వినపడటం లేదు.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లు అనే రకం కాబట్టి, తప్పు తనదని ఆయనకు తోచలేదు. శుభ్రం చేసేటప్పుడు మురికనుకుని తీసేశారని నిర్ధారించుకుని, ఇంగ్లండులో రికార్డు విడుదల చేసినవాళ్లకు ఈమెయిల్ రాశాడు. "పై విషయమై మీకు తెలియజేయవలసిందిగా నన్ను ఆదేశించారు" అని అలవాటుగా మొదలుపెట్టాడు. ఎవరు ఆదేశించారో వాళ్లు అడగలేదు. మర్యాదగానే జవాబిచ్చారు. అసలు టేపులన్నీ మరోసారి విన్నామనీ, అక్కడ ఎలాంటి చప్పుడూ లేదనీ, ఎప్పుడూ లేదనీ, మీ దగ్గరున్న కాపీ ప్రపంచంలో ఇంకెక్కడా ఉండకపోవచ్చనీ రాశారు.

ఈలోగా సుధీంద్ర ఫోన్ చేశాడు. సుధీంద్ర సాకేత్‌లో ఉండే రిటైర్డ్ జాయింట్ సెక్రటరీ. ఆదివారపు సభలో పెద్ద ఆయనే. తన చెవుల మీద ఆయనకు చాలా గౌరవం. ఆ కిరీటం మీద మాత్రం మొదటినుంచీ అనుమానమే.

"శేషగిరీ, రీఇష్యూ వచ్చిందటగా! అచ్ఛా, ఈ ఆదివారం తేలిపోతుందోయ్. అందులోనూ ఆ చప్పుడు వినపడితే, వ్యాసం నీది కరెక్టేనని నలుగురిలోనూ ఒప్పేసుకుంటాను. లేకపోతే నువ్వు ఒప్పుకోవాలి మరి. ఠీక్ హై?"

"ఠీక్ హై సార్" అన్నాడు శేషగిరి.

ఇక మిగిలింది రఘురామ్. రిటైరయ్యి విశాఖలో ఉంటున్నాడు. శేషగిరి ఆయనకు ఫోన్ చేసి, చెవి దగ్గర పెట్టుకుంటే సరిగా వినపడదని ఎప్పటిలాగే స్పీకరులో పెట్టాడు.

"బావగారూ, ఆ రోజు మీరు టేపు చేసినప్పుడు, రెండో వైపున ఒక చప్పుడు..."

"ఏ చప్పుడు? అదా! నీ దుంపతెగ, ఇప్పుడెందుకు గుర్తొచ్చిందయ్యా?" రఘురామ్ పెద్దగా నవ్వాడు. "మా దుర్గ గంజి వార్చబోయి సిబ్బి పడేసింది కదా! దొర్లుకుంటూ హాల్లో దాకా వచ్చింది. అంతా అయిపోవచ్చిన టేపు చెడగొట్టిందని నేను నానా తిట్లూ తిట్టాను. పాపం, ఏడ్చింది కూడా. నీకు మళ్లీ చేసిద్దామనుకుంటే ఖాళీ క్యాసెట్టు లేదు. నువ్వేమీ అనలేదు కదాని ఊరుకున్నాను. అవునూ, దుర్గ చెప్పలేదూ?"

"లేదు" అన్నాడు శేషగిరి.

రాజ్యం వదిలేసిన రాజు కిరీటం కాదది. గంజి వార్చే సిబ్బి. ఆ సిబ్బిని ఆయనెరుగును. దుర్గాంబ పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడిది. కుక్కర్ వచ్చాక గంజి వార్చే పని లేక, పాలగిన్నె మీద మూతగా ఉంటోంది. రోజూ కాఫీకి దాన్ని తీసి పక్కన పెట్టేది తనే.

పరువు పోతుందన్న దిగులు కంటే ఇంకో సంగతి ఆయన్ని ఎక్కువ కుదిపింది. పెళ్లైన కొత్తలో మొదటిసారి ఆ క్యాసెట్టు పెట్టి, వేలెత్తి, కళ్లనీళ్లతో "విను, విను" అన్నప్పుడు దుర్గాంబ ఏదో చెప్పబోయింది. తను "ష్" అన్నాడు. ఆ తర్వాత ఆవిడ చెప్పబోలేదు. ఆవిడ వంట బాగుందని ఆయన ఏనాడూ అన్న గుర్తు లేదు. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టే ఉండిపోయాడు. ఆవిడ చేతి చప్పుడునే వారం వారం పదిమందిలో ఆకాశానికెత్తాడు. అది వినపడటానికి ఆవిడ నోరే మూయించాడు. తలచుకుంటే సిగ్గేసింది.

ఆ క్వార్టరులో ఫోన్ స్పీకరులో పెట్టి మాట్లాడితే వంటింటికి వినపడకపోవడమనేది జరగదు. ఆ ముక్క మాత్రం ఆయనకు తట్టలేదు.

భోజనాల దగ్గర ధైర్యం తెచ్చుకుని, "దుర్గా, ఆ చప్పుడు..." అన్నాడు.

"ఏ చప్పుడండీ?"

"ఏం లేదు. పప్పు బాగుంది."

దుర్గాంబ ఆయన వైపు అనుమానంగా చూసి, జ్వరమేమైనా ఉందా అని నుదురు పట్టుకుని చూసింది.

ఆదివారం వచ్చింది. మామూలుగా రానివాళ్లు కూడా వచ్చారు. సుధీంద్ర ముందు వరసలో, స్పీకర్లకు సమానమైన దూరంలో, న్యాయమూర్తిలా కూర్చున్నాడు. కూలర్ ఆపేశారు. శేషగిరి నిలబడ్డాడు. నిజం చెప్పేయాలనే నిర్ణయించుకున్నాడు. సర్వీసు మొత్తంలో అదే ఆయన తొలి నిర్ణయం.

"పాట పెట్టేముందు మీకో విషయం మనవి చేయాలి. ఆ చప్పుడు..."

"ముందు విందామయ్యా!" అన్నాడు సుధీంద్ర. "స్పీచి తర్వాత. పెట్టు, పెట్టు."

జాయింట్ సెక్రటరీ చెప్పాక అండర్ సెక్రటరీ ఆగడు. పెట్టేశాడు.

పాట సాగింది. క్యాసెట్టులో ఉండే బరబర లేదు. ఒక్కో వాద్యం ఒక్కో చోట కూర్చుని వాయిస్తున్నట్టుంది. తలలు ఊగాయి. ఆర్గన్ సన్నగిల్లడం మొదలైంది. శేషగిరి తలొంచుకున్నాడు. ఉన్నట్టుండి అందరూ తన వైపే చూస్తున్నారనిపించి తలెత్తితే, తన చూపుడువేలు గాల్లో ఉంది. ఎప్పుడు లేచిందో తెలియదు. దించాలనుకున్నాడు. అది దిగలేదు. ఆర్గన్ ఆగిపోయింది. ఇంత శుభ్రమైన నిశ్శబ్దం ఆ హాలు ఎన్నడూ ఎరగదు. సుధీంద్ర పెదవుల మీద నవ్వు మొదలవుతోంది.

ఠంగ్!

అదేదో గింగిరాలు తిరిగింది. తిరిగి, తిరిగి, నెమ్మదించి, ఆగింది. ఆగీ ఆగగానే గిటారు అందుకుంది.

హాలంతా ఒక్కసారిగా నిట్టూర్చింది. సుధీంద్ర కళ్లు తెరిచి, నమ్మలేనట్టు స్పీకర్ల వైపు చూశాడు. పాట పూర్తయ్యేదాకా ఆగి, లేచి నిలబడ్డాడు.

"ఒప్పుకుంటున్నానోయ్. వ్యాసం కరెక్టే. పైగా ఆ దూరం చూశారా? క్యాసెట్టులో ఇంత తెలిసేది కాదు. అచ్చం వంటింట్లోంచి వచ్చినట్టుంది. హై-రిజల్యూషనంటే ఇదీ!"

శేషగిరి వంటింట్లోకి వెళ్లాడు. దుర్గాంబ సిబ్బిని తిరగేసి, అంచుకు పడిన నొక్కును బొటనవేలితో తడుముతోంది.

"దుర్గా" అన్నాడు.

"అప్పుడు చెయ్యి జారిందండీ" అంది ఆవిడ. "ఇవాళ నేనే వదిలాను."

"సరిగ్గా అక్కడే ఎలా..."

"ఇన్నేళ్లు విన్నాక ఆమాత్రం తెలీదా?"

హాల్లోంచి సుధీంద్ర కేకేశాడు. "శేషగిరీ! ఇంకోసారి పెట్టవయ్యా, ఆ ముక్కొక్కటీ!"

శేషగిరి భార్య చేతిలోంచి సిబ్బిని తీసుకున్నాడు. "నువ్వెళ్లి నా కుర్చీలో కూర్చో. నేహా ఆ ప్లేయర్ నీకూ చూపించింది కదా, నువ్వే పెట్టు. వేలు కూడా నువ్వే ఎత్తు. నాకిక్కణ్ణుంచి కనపడుతుంది."

"వాళ్లకు తెలిసిపోతుందండీ."

"తెలియాలి కదా మరి."

దుర్గాంబ చేతులు కొంగుకు తుడుచుకుని హాల్లోకి వెళ్లి, ఆయన కుర్చీలో కూర్చుంది. పాటను ఆ చోటికి జరిపి పెట్టింది. అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఏమ్మా, శేషగిరి ఏడీ?" అన్నాడు సుధీంద్ర.

"వంటింట్లో ఉన్నారండీ. పనుంది."

ఆర్గన్ సన్నగిల్లసాగింది. దుర్గాంబ వేలు పైకి లేచింది. సుధీంద్ర ఇంకేదో అడగబోయాడు.

ఆవిడ ఆయన వైపు తిరక్కుండానే, "ష్!" అంది.