కొండమొక్కకు తమ్ముడి పేరు

మహేంద్రగిరి మీద వాన అప్పుడే వెలిసినట్టుంది, పైడిరత్నం చెప్పులు చేత్తో పట్టుకుని ఎక్కుతోంది, ఎక్కేకొద్దీ కొండ కాస్తా తను పాఠాలు చెప్పి రిటైరైన కాలేజీ వరండాగా మారిపోతోంది, వరండా చివర మళ్ళీ రాళ్ళూ నాచూ సెలయేరూ మొదలవుతున్నాయి, అయినా అదేమీ ఆమెకు వింతగా లేదు. సెలయేటికి అవతల బండ మీద కూర్చుని నీళ్ళలో కాళ్ళాడిస్తున్నవాడు ఆమె తమ్ముడు కూర్మారావు. అతను పోయి ఏడాది దాటింది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరికీ దిగులుగా లేదు.

"ఆలీసం చేసీసావక్కా" అంటున్నాడు.

"ఒరే, పూసిందిరా" అంటుంది ఆమె, పలకరించడం కూడా మరిచిపోయి.

ఏది అని అతను అడగడు. అక్కాతమ్ముళ్ళిద్దరూ మొక్కల చదువే చదివారు, సెలవులొస్తే కొండలే ఎక్కారు, ఇక్కడే ఒక రాతి పగులులో జానెడు మొక్కను చూశారు. ఆ ఆకు ఏ పుస్తకంలోనూ లేదు. పువ్వు చూడందే అది కొత్త మొక్క అని లోకానికి చెప్పడం కుదరదు కనక ఏటా వానలకు వచ్చి కాచుకున్నారు. అది పూసేలోగా కూర్మారావు గుండె ఆగిపోయింది.

"రంగేటి?"

"ఊదా. లోపల పసుప్పచ్చ చుక్క. చిటికెనవేలి గోరంత ఉందిరా, అంతే. చూసి బండ మీదే చతికిలబడిపోయాను."

కూర్మారావు పగలబడి నవ్వుతున్నాడు, ఆ నవ్వుకు రెండు ఒడ్ల మీదా దేవకాంచనం చెట్లు లేచి నిలబడి గులాబిరంగు పూలు విరగబూస్తున్నాయి, ఒక కొమ్మ వంచి అతను ఆకు తెంపుతున్నాడు, మధ్యకు చీలి రెండు రెక్కలుగా ఉన్న ఆకు.

"బాహీనియా. దేవకాంచనానికి లాటిన్‌లో ఈ పేరు తెచ్చిన బాహిన్ అన్నదమ్ములిద్దరూ మనలాగే మొక్కల పిచ్చోళ్ళు. ఇద్దరికీ కలిపి ఒక్క ఆకు."

"అది ఆ మొక్కల శాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరని పిల్లలకి ఏటేటా చెప్పినదాన్ని, నాకే చెప్తావేటి?"

"తనని తిట్టినాయన పేరు చేతికంటుకునే కలుపుమొక్కకి పెట్టాడంటారు, అదీ చెప్పీదానివా?"

"అదే వాళ్ళకి బాగా గుర్తుండీది."

ఇద్దరూ నవ్వుతున్నారు. నవ్వు ఆగాక అతను మెల్లిగా అడుగుతున్నాడు.

"మరి మన మొక్కకి పేరేటి పెట్టావు?"

సెలయేరు వెడల్పవుతున్నట్టుంది, అతని బండ కాస్త దూరం జరిగినట్టుంది, వ్యాసమంతా రాసి పేరు దగ్గర ఖాళీ వదిలేసి నెలలుగా కూర్చున్న సంగతి పైడిరత్నం ఆ నీళ్ళ మీదుగా గొంతు పెంచి చెబుతోంది.

"నీ పేరే పెట్టాలిరా. చెయ్యాడ్డం నేదు. పెడితే కింద జ్ఞాపకార్థం అని రాయాలి. రాసీస్తే నువ్వు పోయినట్టే."

"పోయాను కదక్కా" అంటున్నాడు కూర్మారావు, పక్క ఊరు వెళ్ళాను అన్నంత తేలిగ్గా. "ఆ అన్నదమ్ములూ పోయారు, నాలుగొందల ఏళ్ళయింది. ఏటా పూస్తన్నారు కదా. నన్నూ పుయ్యనీ."

ఆమె చెప్పులు కింద పెట్టి నీళ్ళ అంచుదాకా వస్తోంది, అతను ఇంకా చెబుతున్నాడు.

"లాటిన్‌లో మగాడి పేరు చివర ఇకారం తగిలించాలి, ఇంగ్లీషు అక్షరాల్లో మన 'రావు' 'రావో'. ఏదీ, తగిలించి పైకను."

"కూర్మారావోయి."

అతను లేచి నిలబడుతున్నాడు. "నీళ్ళ చప్పుడు, సరిగ్గా వినబళ్ళేదు."

"కూర్మారావోయి."

అతను నీళ్ళలో దిగి ఒక అడుగు ఇటు వేస్తున్నాడు, అప్పుడు ఆమెకు తన మాట తనకే కొత్తగా వినిపిస్తోంది, అది లాటిన్ కాదు, చీకటి పడుతున్నా ఆట మానని తమ్ముణ్ణి చిన్నప్పుడు వీధి గుమ్మంలో నిలబడి అన్నానికి కేకేసిన పిలుపు, ఇక మీదట ఏ దేశంలో ఎవరు ఆ మొక్కను చూసి పేరు చదివినా వాళ్ళు తన తమ్ముణ్ణి రమ్మనే పిలుస్తారు, అనుకునేసరికి ఆమెకు నవ్వు ఆగడం లేదు, కూర్మా రావోయి, కూర్మా రావోయి అని పిలుస్తూనే ఉంది, పిలిచినప్పుడల్లా అతను మోకాటిలోతు నీళ్ళు చిమ్ముకుంటూ దగ్గరికి వస్తూనే ఉన్నాడు.

భుజం మీద చెయ్యి పడింది. కళ్ళు తెరిస్తే ఆదివారం మధ్యాహ్నం, మంచం పక్కన భర్త సూరపునాయుడు.

"ఎవుల్నే, రావోయి రావోయని అంత సంబరంగా పిలుస్తన్నావు? ఎవరో చుట్టాలొచ్చారనుకుని వెళ్ళి తలుపు తీశాను. వీధిలో ఎవులూ నేరు."

ఆమె తడికళ్ళతోనే నవ్వుతూ లేచింది. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్ళి, ఖాళీగా ఉన్న చోట పేరు రాసింది. తలుపు వెయ్యడానికి వెళ్తున్న భర్తతో "ఉండనీండి" అంది.

వీధి తలుపు బార్లా తెరిచి ఉంది. ఎండ హాలు సగం దాకా వచ్చింది.