కన్ను విచ్చని కాయ

"ఈ వారం ఏమన్న దొరికిందా?"

శనివారం సాయంత్రం దయాకర్ ఇలా అడిగాడంటే అది కూరగాయల సంగతి కాదు. మర్నాడు మందిరంలో చెప్పాల్సిన ప్రసంగం సంగతి. ఆ వేళకు వసంతలక్ష్మి ఆయన తెల్లచొక్కా ఇస్త్రీ చేస్తుంటుంది. ఆయన మంచం మీద డైరీ విప్పి, పెన్ను మూత తీసి, ఆమె ముఖంలోకి చూస్తాడు. వారం మొత్తంలో భర్త ఆమె ముఖంలోకి చూసే గంట అదొక్కటే. ఆ గంట కోసం ఆమె ఆరు రోజులు ఎదురుచూసేదంటే నవ్వుకుంటారేమో, నవ్వుకోండి. ఎదురుచూసేది మరి.

అచ్చంపేట దాటాక గుట్టల కింద ఉన్న ఆ ఊళ్ళో దయాకర్ రేకుల మందిరం కట్టి పద్నాలుగేళ్ళు. ఆయన అయ్యగారు. ఆమె పాస్టరమ్మ. మందిరం ఊడ్చేది, చాపలు దులిపేది, ఆరాధన తర్వాత పెట్టే ప్రేమవిందుకు ఇరవై శేర్ల బియ్యంలో రాళ్ళు ఏరేది, విందు అయ్యాక అడుగంటిన గంజులు తోమేది పాస్టరమ్మే. ఇవన్నీ దేవుని పనులు కనుక వీటికి అలసట ఉండకూడదని అత్త బాలనర్సమ్మ తీర్పు. "నలుగుర్ల మొగణ్ని నువ్వనకు, అయ్యగారను" అని కాపురానికి వచ్చిన కొత్తలోనే నేర్పింది. తనను ఎవరు ఏమని పిలవాలో మాత్రం ఎవరూ నేర్పలేదు. ఊరి ఆడవాళ్ళు బోరింగు దగ్గర విరగబడి నవ్వుకుంటూ ఉంటారా, ఆమె బిందె కనబడగానే కొంగులు సర్దుకుని "వందనాలు పాస్టరమ్మా" అంటారు. ఆ తర్వాత బోరింగు చప్పుడు తప్ప ఇంకేమీ వినబడదు.

సోమవారం పాస్టరుకు విశ్రాంతి దినం. పాస్టరమ్మ విశ్రాంతి దినం ఏదో ఎక్కడా రాసిలేదు. అందుకే ఆమె దాన్ని తానే దొంగిలించుకుంది. విస్తర్లకు మోదుగాకు తెస్తానని చెప్పి సోమవారం పొద్దున్నే గుట్టెక్కేది. ఇంట్లో ప్రార్థన అంటే దయాకర్ గొంతు. ఆయన 'పరమతండ్రీ' అని ఎత్తుకుంటే మిగతావాళ్ళు ఆమేన్ అనాలి, అంతే. గుట్ట మీద అలా కాదు. బండ మీద కూర్చుని "అయ్యా, గిదేందయ్యా, నన్నెందుకు గిట్ల చేసినవ్" అని దేవునితో తన మాటల్లోనే కొట్లాడేది, ఏడ్చేది, ఒక్కోసారి నవ్వేది కూడా. అక్కడ ఆమెను విసుక్కునే వాళ్ళు లేరు. అంత ఎండలోనూ బండ సందులో నిలిచిన గుక్కెడు నీళ్ళకు మేక దారి వెతుక్కుని రావడం చూస్తే, తనకోసం కూడా ఎక్కడో గుక్కెడు నిలవే ఉంటుందనిపించేది. ఆ మాట దేవుడే చెప్పాడని ఆమె నమ్మకం.

మొదటిసారి ప్రసంగానికని ఆమె భర్తకు ఇచ్చింది జొన్నరొట్టె. చల్లనీళ్ళతో కలిపిన జొన్నపిండి రొట్టె తట్టగానే అంచులు పగులుతుంది, మసిలే నీళ్ళు పోస్తేనే సాగుతుంది, మన కష్టాలు కూడా అట్లాంటివేనేమో అంది మాటల్లో. ఆదివారం దయాకర్ గొంతు పెంచి "నేను జొన్నపిండిని చూస్తున్నప్పుడు దేవుడు నాకు ఒక మర్మం చూపించాడు" అన్నాడు. జన్మలో పిండిలో వేలు పెట్టని మనిషి! ఆమెకు నవ్వొచ్చింది, దాని వెనకే గర్వం కూడా వచ్చింది. తన మాటకు అంతమంది తలలూపుతున్నారు కదా. ఆ తర్వాత మేక, నీళ్ళు, చీమలపుట్ట, వాన వెలిసిన తెల్లారి తుమ్మముళ్ళకు వేలాడిన చుక్కలు, అన్నీ ఆయనవే అయ్యాయి. ఆ ప్రసంగాలు ఫోన్లో పెడితే ఎక్కడెక్కడి వాళ్ళో చూస్తున్నారు. ఒకసారి ఆమె కూడా దేవుడు తనకు చేసిన మేలు గురించి మందిరంలో లేచి సాక్ష్యం చెబుతానంటే అత్త కొట్టిపారేసింది. "పాస్టరు పెండ్లం సాక్ష్యం చెప్తే ఇంట్ల ఏదో లొల్లున్నదనుకుంటరు. కూసో." ఆమె కూర్చుంది. ఈ పద్నాలుగేళ్ళూ కూర్చునే ఉంది.

ఇక సీతాఫలం సంగతి.

కాయల కాలంలో ఆ గుట్టలన్నీ సీతాఫలాలే. మందిరానికి వచ్చే సంఘంలో సగం మంది ఆడవాళ్ళు తెల్లారకముందే గంపలతో వెళ్ళి ఏరుకొస్తారు. ఏ కాయ తెంపాలో వాళ్ళకు పుట్టుకతోనే తెలుసు. కాయ మీద గళ్ళ మధ్య గీతలు వెడల్పై లేత పసుపు కనబడితే కన్ను విచ్చినట్టు. అప్పుడు తెంపి గడ్డిలో మాగేస్తే మూడోనాటికి పండు. కన్ను విచ్చకముందు తెంపితే ఎన్నాళ్ళు మాగేసినా పండదు, నల్లబడి గట్టిపడిపోతుంది. రెండు వారాల కిందట గుట్ట మీద ఎవరో తెంపి పారేసిన అలాంటి కాయను చేతిలో పట్టుకుని వసంతలక్ష్మి చాలాసేపు ఏడ్చింది. ఇంటర్ పరీక్షలు పదకొండు రోజుల్లో ఉన్నాయనగా ఆమె మెడలో దండ పడింది. ఆ శనివారం ఇస్త్రీ చేస్తూ భర్తతో ఆ మాటే అంది. "నన్ను గట్లనే తెంపిండ్రనిపించింది. కన్ను విచ్చకముందే."

దయాకర్ పెన్ను ఆగింది. ఆమె ఇస్త్రీపెట్టె పక్కన పెట్టింది. ఇన్నేళ్ళకు ఆయన తన గురించి ఏదో ఒకటి అడగబోతున్నాడనుకుంది.

"గడ్డిల ఎన్ని దినాలు పెడ్తరు?" అన్నాడు ఆయన.

మర్నాడు మందిరంలో ఏం జరిగిందంటే, ఎల్లయ్య ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన కూతురు మనీష ఇంటర్ రెండో ఏడు చదువుతోంది, నర్సింగు చదవాలని దాని పట్టుదల. ఎల్లయ్యకు మక్తల్ వైపు ఓ సంబంధం కుదిరింది. పిల్లకు వచ్చే నెలలో పద్దెనిమిది నిండగానే పెళ్ళి. "పిల్ల ఇంటలేదు అయ్యగారూ, జర వాక్యంల చెప్పుండ్రి" అని ముందురోజు వచ్చి బతిమాలాడు. దయాకర్ చెప్పాడు. "గుట్ట మీద దేవుడు నాకు ఒక కాయను చూపించాడు. కాయ పచ్చిగా ఉన్నా సరే, తెంపి గడ్డిలో పెడితే పండుతుంది. ఆడపిల్ల కూడా అంతే. పెళ్ళనే గడ్డిలో దేవుడే పండిస్తాడు."

ఎల్లయ్య గట్టిగా ఆమేన్ అన్నాడు. మగవాళ్ళంతా అన్నారు. ఆడవాళ్ళ వైపు మాత్రం కొంగులు నోళ్ళ మీదికి వెళ్ళాయి. కాయలు తెంపే వాళ్ళు కదా, నవ్వు ఆగలేదు. మనీష నవ్వలేదు. తల తిప్పి పాస్టరమ్మ వైపు చూసింది. ఆ చూపు వసంతలక్ష్మిని తిండి తిననివ్వలేదు. తన ఏడుపును తానే తాడుగా పేని ఆ పిల్ల మెడకు ఇచ్చినట్టయింది. వచ్చే ఆదివారం సంఘం ముందు ఆ పిల్ల పెళ్ళి ప్రకటన చదువుతారట.

"కన్ను విచ్చని కాయ పండదని గదా నేను చెప్పింది?" అంది ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ.

"పండుతదా పండదా అని ఎవరు సూడొచ్చిండ్రు? భావం ముఖ్యం," అన్నాడు దయాకర్.

"మొగడు వాక్యం చెప్తే తప్పులు పడ్తవా?" అంది అత్త. "గుట్టలెంబడి తిరుగుడెక్కువైంది నీకు."

సోమవారం ఆమె మళ్ళీ గుట్టెక్కింది. ఆ రోజు మోదుగాకు కోయలేదు. కన్ను విచ్చని కాయనొకదాన్ని చూసి, దేవుణ్ణి క్షమించమని అడిగి తెంపింది. తెచ్చి బియ్యం డబ్బా వెనక గడ్డిలో మాగేసింది. రోజూ తీసి చూసేది. పండితే? పండితే భర్త మాటే నిజం, తన బతుకు గురించి తను అనుకున్నదంతా తప్పు. నిజం చెప్పొద్దూ, రెండో రోజున పండితే బాగుండుననే అనిపించింది ఆమెకు. పండితే ఎవరితోనూ ఏమీ అనక్కర్లేదు కదా.

శనివారం దయాకర్ డైరీ విప్పాడు. "ఈ వారం ఏమన్న దొరికిందా?"

ఆమె చొక్కా మెడపట్టీ మీద ఇస్త్రీపెట్టె నడిపిస్తూ తలెత్తలేదు. "ఏం దొరకలే."

"ఏం లేదా?"

"ఏం లే."

ఆయన ఒక్క క్షణం చూశాడు. "సరే, పోయిన వారందే జర సాగదీస్త. ఎట్లన్న ప్రకటన ఉన్నది" అని డైరీ మూసి ఫోను తీసుకున్నాడు. అంతే. ఎందుకు దొరకలేదని గానీ, ఒంట్లో బాగాలేదా అని గానీ అడగలేదు. ఆ గంటలో ఆయన చూసింది తన ముఖాన్ని కాదని, తన చేతిలో ఉన్నదాన్నని ఆమెకు అప్పుడు తెలిసింది. తెలియడం వేరు, ఎప్పుడో తెలిసినదాన్ని ఒప్పుకోవడం వేరు. చొక్కా మడతపెట్టి పక్కన పెట్టింది. ఇంట్లో ముగ్గురు మనుషులున్నారు, ఆమె ఒక్కతే ఉంది.

వంటింట్లోకి వెళ్ళి గడ్డిలో చెయ్యి పెట్టింది. కాయ నల్లబడి ఉంది. గోరు దిగలేదు.

ఆదివారం పాటలయ్యాక సాక్ష్యాల వేళ. ఓ ముసలామె మోకాలినొప్పి తగ్గిన సంగతి చెప్పి కూర్చుంది. బల్ల మీద ప్రకటన కాగితం సిద్ధంగా ఉంది. దయాకర్ "ఇంకెవరన్న ఉన్నరా?" అని సంఘమంతా కలియజూశాడు. ఆ చూపు భార్య మీదుగా ఆగకుండా వెళ్ళిపోయింది.

వసంతలక్ష్మి లేచింది. బాలనర్సమ్మ కొంగు పట్టి లాగింది. "ఏందే, కూసో!" ఆమె కొంగు విడిపించుకుంది. చాపల మధ్య నుంచి బల్ల దాకా నడవడానికి ఎంతసేపు పట్టిందో ఆమెకు గుర్తులేదు. సంచిలోంచి నల్లకాయ తీసి బల్ల మీద, సరిగ్గా ప్రకటన కాగితం మీద పెట్టింది.

"ప్రభువు నామంలో అందరికి వందనాలు. నా పేరు వసంతలక్ష్మి."

ఆడవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చాలామందికి ఆ పేరు తెలియదు.

"గిది సోమవారం నేనే తెంపిన. కన్ను విచ్చలే. ఆరు దినాలు గడ్డిల పెట్టిన. కాయలు తెంపేటోళ్ళు మీరే వచ్చి పట్టుకొని సూడుండ్రి."

వెనక వరసలోంచి ఎవరో అననే అన్నారు, "గదెక్కడ పండుతదమ్మా!" ఈసారి ఎవరూ నోటికి కొంగు అడ్డం పెట్టుకోలేదు. ఎల్లయ్య తల వంచుకున్నాడు. దయాకర్ "కూసో" అన్నాడు, పళ్ళ మధ్య నుంచి. ఆమె ఆయన వైపు తిరగలేదు. ఆడవాళ్ళ మధ్య కూర్చున్న మనీషనే చూస్తూ, గుట్ట మీద మాట్లాడే గొంతుతోనే చెప్పింది.

"పోయిన వారం వాక్యంల చెప్పిన కాయను దేవుడు అయ్యగారికి చూపియ్యలే. నాకు చూపిచ్చిండు. పండుతదని మాత్రం చెప్పలే బిడ్డా."