అనంతశయనం తాత మైల

రాగసుధ ఐదో తరగతిలో ఉండగా ‘పొగకోట’ నవల మొదటి భాగం చదివింది. ఇప్పుడు ఇంటర్ రెండో సంవత్సరం. ఈలోగా మొత్తం ఆరు భాగాలు వచ్చాయి. హైదరాబాదు కార్వాన్‌లో మాణిక్యమ్మ గారి మేడమీద వాటాలో ఉంటున్నట్టు ఆధార్ కార్డు చెబుతుంది గానీ, రాగసుధ ఎప్పుడో పొగకోటకు మకాం మార్చేసింది. అద్దె మాత్రం తండ్రి ఇక్కడే కడుతున్నాడు.

తండ్రి పరబ్రహ్మం సర్కారు ఆఫీసులో ఉద్యోగి. తల్లి రాజరాజేశ్వరి ఇంట్లో ఆయన పై అధికారి. ఇద్దరిదీ తణుకు. కూతురు ఇన్నేళ్లూ భోజనాల దగ్గర పొగకోట గురించి చెబుతూనే ఉంది. వాళ్లు ఊఁ కొడుతూనే ఉన్నారు. వినలేదు. పిల్లలు చెప్పేవన్నీ వింటూ కూర్చుంటే చారు చల్లారిపోతుంది.

ఏడో భాగం, ఆఖరిది, ఆదివారం పొద్దున బహదూర్‌పురాలోని ఒక లైబ్రరీ హాల్లో విడుదల. రచయిత్రి సుచరిత గారు స్వయంగా మొదటి అధ్యాయం చదివి, సంతకాలు పెడతారట. ఆ హాల్లో తను లేకపోతే ఇన్నేళ్ల అభిమానం దండగని రాగసుధ అభిప్రాయం.

“నువ్వు రాకుంటే మన దోస్తీ కట్,” అని స్నేహితురాలు ప్రీతి కూడా తేల్చేసింది.

సరిగ్గా అదే పొద్దున పరబ్రహ్మం సత్యనారాయణ వ్రతం పెట్టుకున్నాడు. ఆయనకు ప్రమోషన్ వచ్చింది. పని మారలేదు, కుర్చీకి చేతులు వచ్చాయి.

“పుస్తకం సోమవారం కూడా దొరుకుతుందమ్మా. ముహూర్తం దొరకదు,” అన్నాడు.

కొత్త భాగం వచ్చే ముందు పాతవన్నీ మళ్లీ చదవడం అభిమానుల ఆచారం. గురువారం పొద్దున రాగసుధ ఆరో భాగం చివరికి వచ్చింది. కోట గంట కాపలాదారు, ఒక చెవితో నిన్నటి మాటలు వినగలిగే అనంతశయనం తాత, అక్కడ పోతాడు. ఇదివరకు ఎన్నిసార్లు పోయినా ఆమె ఏడ్చింది. ఈసారీ ఏడ్చింది. కంచం ముందు కూర్చుని ఇడ్లీ ముట్టలేదు.

“ఏమైందే?” అంది రాజరాజేశ్వరి.

“అనంతశయనం తాత పోయాడమ్మా.”

బాత్రూంలో ఉన్న పరబ్రహ్మానికి ఆ మాట వినిపించింది. ఆయన అప్పటికే తల తడుపుకున్నాడు. ఎలాగూ తడిసింది కదా అని ఇంకో రెండు చెంబులు పోసుకుని, దాన్నే మైల స్నానం చేసేశాడు.

అనంతశయనం ఎవరో ఆయనకు తెలియదు. కానీ చుట్టాన్ని తెలియదనడం ఆయన ఇంటా వంటా లేదు. తుడుచుకుంటూ వచ్చి, “అయ్యో, ఎప్పుడు?” అన్నాడు.

“ఆరో భాగంలో...” అంది రాగసుధ వెక్కిళ్ల మధ్య.

“ఆరింటికా? తెల్లవారుజామున అన్నమాట. పుణ్యాత్ముడు.”

రాగసుధ నోరు తెరిచింది. ఈలోగా తండ్రి, “మరి ఆదివారం వ్రతం ఎలా, మైల కదా?” అన్నాడు. రాగసుధ నోరు మూసుకుంది.

పది నిమిషాల్లో కబురు కుటుంబం వాట్సాప్ గ్రూపు ఎక్కింది. వరసగా దణ్ణాల బొమ్మలు పడ్డాయి. ఒక అత్తయ్య, తన పెళ్లిలో ఆయన స్టీలు బిందె చదివించారని, అది ఇప్పటికీ కారలేదని రాసింది. ఒక బాబాయి, పోయినవాడి గొంతు బాగుండేదన్నాడు. తణుకులో ఉన్న తన అన్నకు, అంటే రాగసుధ పెదనాన్నకు, పరబ్రహ్మం ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, అనంతశయనం గారు మనకు ఏమవుతారు?”

అవతల గొంతు సవరించుకున్న చప్పుడు. ఊళ్లో ఉన్నవాడికి ఊళ్లో మనుషులు తెలియాలి.

“అదేంట్రా, మరిచిపోయావా? మన పెదనాన్న వరస. ఆయన పెళ్లికి నేను వెళ్లొచ్చాను. పెద్ద మైలే. పదో రోజు దాకా గడప దాటకండి, ఎవరింటికీ వెళ్లకండి.”

వ్రతం పోయిందని రాగసుధ సంతోషించేలోపు గడప కూడా పోయింది.

సాయంత్రం కింది వాటాలోంచి మాణిక్యమ్మ పరామర్శకు వచ్చింది.

“ఎవరో పోయిన్రంట గదా అక్కా? మొన్న మీ ఇంటికి వచ్చిండు జూడు, తెల్లగడ్డం ఆయన, గాయననే గదా? పాపం, మస్తు మంచోడు. మా ఆయన నీళ్లు గిట్ల ఇచ్చిండు.”

మొన్న వచ్చిన తెల్లగడ్డం ఆయన మిక్సీ బాగుచేసేవాడు. కానీ పరామర్శకు వచ్చిన మనిషిని కాదనడం మర్యాద కాదు. రాజరాజేశ్వరి కళ్లు ఒత్తుకుంది.

శుక్రవారం రాగసుధ ఇక ఉండబట్టలేక తండ్రి ముందు నిలబడింది.

“నాన్నా, ఆయన మనిషే కాదు. పుస్తకంలో పాత్ర.”

“చనిపోయినవాళ్లని అలా అనకూడదు.”

“నిజం నాన్నా. కావాలంటే చూడండి, పేరు ఇక్కడుంది.”

పరబ్రహ్మం కళ్లజోడు పెట్టుకుని చూశాడు. ముఖం వెలిగింది. “రాజీ! చూశావా, పెదనాన్న గురించి పుస్తకంలో కూడా వేశారు. ఎంత పెద్దమనిషో!” అని ఆ పేజీని ఫోటో తీసి గ్రూపులో పెట్టాడు. ఇంకో విడత దణ్ణాలు పడ్డాయి.

శనివారం మధ్యాహ్నం వంటింట్లో రాజరాజేశ్వరి గుడిమల్కాపూర్ నుంచి ముందే తెప్పించిన బంతిపూలను చూస్తూ కూర్చుంది. ఇరవై మందికి సరిపడా తెచ్చిన బొంబాయి రవ్వ ఆవిడను చూస్తూ కూర్చుంది.

“ఆ పుస్తకం ఇలా తే,” అంది.

కూతురు తెచ్చింది. ఆవిడ ఆఖరి పేజీలు, అప్పడం వేయించినంత శ్రద్ధగా చదివింది.

“గంట మోగింది అన్నారు. పొగ కమ్మింది అన్నారు. అందరూ ఏడ్చారు అన్నారు. మరి శవమేదే?”

ఏడాదిగా అభిమానుల గ్రూపులో రాగసుధ చేస్తున్న వాదన ఇదే. చదివిన ప్రతిసారీ ఏడుస్తూనే, తాత పోలేదు, శవం దొరకలేదు కదా అని ఎంతమందితో పోట్లాడిందో! లోకంలో తనతో ఏకీభవించిన ఒకే ఒక్క మనిషి ఇన్నాళ్లూ పక్కనే పప్పు రుబ్బుకుంటోంది.

“అమ్మా! నువ్వూ అదే అంటున్నావా?”

“శవం కూడా చూపించకుండా పది రోజులు మైల పట్టమంటే ఎలా పడతామే?”

“మరి ఆయన అసలు లేడని నాన్నకు నువ్వైనా చెప్పొచ్చుగా?”

“మీ పెదనాన్న ఆయన పెళ్లికే వెళ్లొచ్చానన్నాడు. ఇప్పుడు ఆ మనిషే లేడంటే, మీ పెదనాన్న ఈ జన్మలో మన గుమ్మం తొక్కడు. లేడని చెప్పడం కష్టమే. బతికున్నాడని చెప్పడం తేలిక.”

“అయితే చెప్పెయ్.”

“చేసేది సత్యనారాయణ వ్రతం. అబద్ధమాడి చేస్తామా? రేపు నువ్వు వెళ్లి ఆ రాసినావిడనే అడుగు. బతికుంటే మధ్యాహ్నానికి ఫోన్ చెయ్, సాయంత్రం కూడా ముహూర్తం ఉంది, అప్పుడే పీటలమీద కూర్చుంటాం. నాన్నకు నేను చెబుతాను, చావు ఖాయం చేసుకోవడానికి వెళ్లిందని.”

ఆదివారం హాలు కిక్కిరిసిపోయింది. సుచరిత గారు మొదటి అధ్యాయం చదివారు. రాగసుధ ఊపిరి తీసుకోవడం మరిచిపోయి వింది. అందులో తాత ఊసే లేదు. చివరి పేజీ తిప్పి చూస్తే తెలిసిపోతుంది, కానీ చివరి పేజీ ముందు చూసేవాళ్లతో అభిమానులు మాట్లాడరు. సంతకాల వరసలో తన వంతు వచ్చింది.

“మేడం, కథ చెప్పొద్దు. అనంతశయనం తాతకు మేం మైల పట్టాలా వద్దా, అదొక్కటే చెప్పండి.”

సుచరిత గారి పెన్ను ఆగింది. ఆవిడా తెలుగింటి మనిషే. ముందు అడగాల్సింది అడిగారు.

“మీకు ఏమవుతారమ్మా?”

“నాన్నకు పెదనాన్న వరస. సాయంత్రం ఇంట్లో వ్రతం ఉంది మేడం.”

వెనక ప్రీతి రెండు చెవులూ మూసుకుంది. “చెప్పకుర్రి మేడం! అరే, ఏంది యార్ గిది! ఏడాది సంది ఆగినం, ఒక్క మాటల ఖతం జేస్తవా?”

“గా పిల్లను పక్కకు జరుపుర్రి!” అని వరసంతా లొల్లి మొదలుపెట్టింది.

సుచరిత గారు పుస్తకం మీద ఏదో రాసి మూసి ఇచ్చారు. రాగసుధ గోడవైపు తిరిగి తెరిచింది. ‘రాగసుధకు, వ్రతం చేసుకోండి’ అని ఉంది.

ఆమె ఒక్క గెంతు గెంతింది. అది చూసి వరసలో సగం మందికి విషయం అర్థమైపోయింది. ప్రీతి మూడు వారాల దాకా మాట్లాడనని అక్కడే ప్రకటించింది.

ఫోన్ అందుకోగానే రాజరాజేశ్వరి రవ్వ బాణలిలో పోసింది. తర్వాత భర్తకు చెప్పింది, “ఆయన బతికే ఉన్నాడటండీ. రాసినావిడే చెప్పింది.”

పరబ్రహ్మం ముందు ఆనందించాడు. తర్వాత ఆలోచించాడు. తర్వాత ముఖం ముడుచుకుని తణుకు ఫోన్ చేశాడు.

“అన్నయ్యా, ఆయన బతికే ఉన్నాడు. మూడు రోజులు చప్పిడి తిని ఏడ్చాం. బతికున్న మనిషి ఒక్క ఫోన్ చెయ్యడానికేం?”

“ఆయన మొదట్నుంచీ అంతేరా,” అన్నాడు పెదనాన్న. “ఆ పెళ్లిలో కూడా నన్ను పలకరించలేదు.”

“పెద్దాయన, వ్రతానికి పిలవకపోతే బాగోదేమోనండీ,” అంది వంటింట్లోంచి రాజరాజేశ్వరి, రవ్వ కలుపుతూ. నవ్వు బయటికి రాకుండా ఆపుకుంటున్నట్టు గరిటె చప్పుడు పెద్దదైంది.

“పిలవను,” అన్నాడు పరబ్రహ్మం. “ప్రసాదం కూడా పంపను.”

అప్పుడే ఇంటికి చేరిన రాగసుధ, చెప్పులు విప్పకుండా గుమ్మంలోనే కూర్చుని రెండో అధ్యాయం తెరిచింది.