నాలుగో ఓటు

మా బ్యాండులో నాకు తప్ప అందరికీ ఓపిక ఉంది. డ్రమ్ములు వాయించేవాడికి ఓపికతో పనేమిటని నేను వాదిస్తాను గానీ, మొదటి ఆల్బమ్ పని మొదలైన మూడో వారంలోనే గిటార్ వాయించే వేణుతో గొడవపడి చేతిలో కర్ర గోడకేసి కొట్టింది నేనే. ఆ రోజే రోహిణి ఓటింగ్ పద్ధతి పెట్టింది. రోహిణి మాకు బేస్ గిటార్ వాయిస్తుంది. రాయదుర్గంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్. తప్పు ఎక్కడుందో అరవకుండా కనిపెట్టడమే ఆమె ఉద్యోగం. ఏ విషయంలోనైనా రెండు దారులుంటే మా నలుగురి ఫోన్లకూ ఒక ఫారం పంపుతుంది. ఒకటో, రెండో నొక్కాలి. పేర్లు కనబడవు. ఎవరు దేనికి వేశారని ఎవరూ అడగకూడదు, ఎవరూ చెప్పకూడదు.

ఆఫీసు రోగం పాటలకు కూడా అంటించిందని నేను ఎగతాళి చేశాను. నిజం చెప్పాలంటే, ఆ ఫారం లేకపోతే ‘సెకండ్ షిఫ్ట్’ అనే మా నలుగురు ఇంజినీర్ల బ్యాండు ఆల్బమ్ దాకా వచ్చేదే కాదు. పాటల వరుస, అట్టమీది బొమ్మ, నా డ్రమ్ముల మోత ఎంత తగ్గించాలి, అన్నీ అలాగే తేలాయి. మోత విషయంలో నేను చిత్తుగా ఓడిపోయాను.

మాకు పాడేవాడు మధుసూదన్. ధర్మవరం అతనిది. చిన్నప్పుడు ఆరేళ్లు సంగీతం నేర్చుకున్నాడు. పదో తరగతి కాగానే వాళ్ల నాన్న గోవిందప్ప ఆ పాఠాలు మాన్పించి కోచింగులో చేర్పించాడు. గోవిందప్పకు అక్కడ పట్టుచీరల అంగడి ఉంది. కొడుకు ఉద్యోగం గురించి బజారంతా చెప్పుకుంటాడు గానీ, పాట సంగతి పదమూడేళ్లలో ఒక్కసారీ ఎత్తలేదు. అలాంటి మనిషి, ఆల్బమ్ వస్తోందని మధు ఫోన్ చేసినప్పుడు, అందులో ముఖ్యమైన పాట ఎవరు పాడారని అడిగాడట. నేనే అన్నాడు మధు. అయితే వస్తానన్నాడట. మర్నాటికల్లా బజారులో అంగడి అంగడికీ వెళ్లి, ఫలానా ఆదివారం సాయంత్రం ఏడింటికి ఫోన్లు తెరిచి మావాడి పాట వినండని చెప్పి వచ్చాడట. మధు ఇదంతా మాకు నవ్వుతూనే చెప్పాడు గానీ, అతని కళ్లలో నీళ్లు నేను చూశాను.

ఆ ముఖ్యమైన పాట ‘జర ఆగు’. ఆల్బమ్‌కూ అదే పేరు పెట్టాం. రాసింది వేణు. లింగంపల్లిలో రోహిణి వాళ్లింటికి ఎప్పుడు వెళ్లినా కనబడే సంగతే అది. రైలుకు టైమైందని రోహిణి పరుగెడుతుంటే, వాళ్లమ్మ సక్కుబాయి టిఫిన్ డబ్బా పట్టుకుని జర ఆగు, రెండు బుక్కలు తిని పో అంటూ వీధి చివరిదాకా వెంటబడుతుంది. మధుకు నైట్ షిఫ్ట్. మేము వాయిద్యాలు రికార్డు చేసుకునే వేళకు అతను నిద్రలో ఉండేవాడు. మాకు దారి తెలియాలంటే ఎవరో ఒకరు పాడుతూ ఉండాలి కాబట్టి రోహిణి పాడేది. తర్వాత ఆ గొంతు తీసేసి మధు గొంతు పెట్టాలి. అందరూ చేసే పనే. మధు ఒక రోజు సెలవు పెట్టి వచ్చి పాడాడు. పైస్థాయికి వెళ్లిన చోట నాకు ఒళ్లు జలదరించింది.

విడుదలకు నెల ఉందనగా, ప్రగతి నగర్‌లో మా పాటలన్నీ రికార్డు చేసి కలిపిపెట్టిన దినేశ్ ఆ పాటను రెండు రకాలుగా తయారుచేశాడు. ఒకటి మధు గొంతుతో, రెండోది రోహిణి గొంతుతో. తీసేయబోయి మనసొప్పక ఉంచానని, తేల్చుకోవడం మీ పని అని అన్నాడు. రెండు దారులుంటే ఓటే కదా. అలవాటు ప్రకారం ఫారం వచ్చేసింది. పేర్లు దాచి ఓటు వేయడం డ్రమ్ముల మోతకు పనికొస్తుంది గానీ, పక్కపక్కన కూర్చున్న ఇద్దరి గొంతుల్లో ఒకటి ఎంచడానికి పనికిరాదని నలుగురు ఇంజినీర్లలో ఒక్కరికీ తట్టలేదు.

శనివారం ఉదయం దినేశ్ గదిలో కూర్చుని రెండూ విన్నాం. రెండోది వింటున్నప్పుడు నా కాలు దానంతటదే ఆడింది. అదే బాగుందని నాకు తెలుసు. అయినా ధర్మవరం బజారు గుర్తొచ్చి ఒకటి నొక్కాను. ఫలితం వచ్చింది. ఒకటికి మూడు ఓట్లు, రెండుకు ఒకటి.

వేణు నేల చూశాడు. రోహిణి ఫోను బ్యాగులో పెట్టుకుంటోంది. ఆ ఒక్క ఓటు ఎవరిదో నాకు తెలుసనుకున్నాను. నా నోరు ఊరుకోదు కదా.

“ఎవరి ఓటు వాళ్లే ఏసుకునుడు మంచిగుండదు రోహిణీ” అన్నాను. “వాళ్ల నాయన గంత దూరంకెళ్లి వస్తుండు.”

రోహిణి ముఖం పాలిపోయింది. కాదని మాత్రం అనలేదు. చెప్పకూడదన్న నియమం ఆమె పెట్టిందే మరి.

“ఆ ఓటు నాది” అన్నాడు మధు.

అతను సర్దిచెప్పడానికి అబద్ధమాడుతున్నాడనుకున్నాను. అతను హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, ఎవరినీ నొప్పించని గొంతుతో చెప్పాడు.

“నేను పాడితే రాగం వినపడతాది నరేందర్. రోహిణి పాడితే వాళ్లమ్మ వినపడతాది. పాట వాళ్లమ్మది గదా.”

అప్పుడు రోహిణి ఏడ్చేసింది. తను మధుకే వేశానంది. అంటే, ముగ్గురం అతని మీద ప్రేమతో అతనికి వేశాం. పాట మీద ప్రేమతో ఓటు వేసింది మధు ఒక్కడే. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. అందరి ముందూ రోహిణిని క్షమించమని అడిగాను.

రోహిణి మొండికేసింది. వారం రోజులు ఆ పాట ఊసెత్తనివ్వలేదు. మధు అంతకంటే మొండివాడు. వాళ్ల నాన్న మాట ఎత్తితే, నాయనకు నేను చెప్పుకుంటానని ఒకటే జవాబు. చివరికి ఆమె సరేనంది. ఆమె పాడినదాంట్లో రెండు లైన్లు ఊపిరి అందక తెగిపోయాయి. అవి మళ్లీ పాడాలి. ఆ రోజు మధు రాత్రి డ్యూటీ దిగి, ఎర్రబడ్డ కళ్లతో నేరుగా ప్రగతి నగర్ వచ్చాడు. రికార్డింగ్ గది అద్దానికి ఇవతల నిలబడి, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఆమెకు చేత్తో చూపించాడు. పదకొండుసార్లు పాడించాడు. పదో సారికే మాకందరికీ బాగుందనిపించింది, అతనికి అనిపించలేదు. తన చేతిలోని పాటను ఇంకొకరికి ఇచ్చేస్తూ, అది ఇంకా బాగా రావాలని అంత పట్టుబట్టే మనిషిని నేను మరొకరిని చూడలేదు. నేనైతే ఆ రెండు లైన్లూ అలాగే వదిలేసి లోలోపల సంతోషించేవాణ్ని.

విడుదల రోజు రాయదుర్గం మెట్రో పక్కన ఒక భవనంలో చిన్న హాలు తీసుకున్నాం. గోవిందప్ప ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని మొదటి వరసలో అందరికంటే ముందే కూర్చున్నాడు. చెప్పావా అని మధును అడిగాను. తల అడ్డంగా ఊపాడు. మూడుసార్లు ఫోన్ చేసి, మూడుసార్లూ వానల గురించి మాట్లాడి పెట్టేశాడట. పాట వదులుకోగలిగిన మనిషికి తండ్రితో ఆ ముక్క చెప్పే ధైర్యం మాత్రం లేకపోయింది. నాకు కోపం, జాలి రెండూ కలిగాయి.

సరిగ్గా ఏడింటికి ఆల్బమ్ ఫోన్లలోకి వచ్చింది. అదే నిమిషాన మేము వేదిక మీద ‘జర ఆగు’ అందుకున్నాం. మధు మైకు ముందు నుంచి జరిగి రోహిణికి చోటిచ్చాడు. వెనక నిలబడి కోరస్ పాడాడు. రెండో చరణంలో రోహిణి గొంతు చించుకుని పిలిచినప్పుడు హాలంతా లేచి నిలబడింది. సక్కుబాయి కొంగుతో ముఖం కప్పుకుంది. గోవిందప్ప మాత్రం కదల్లేదు. ఆయన చొక్కా జేబులో ఫోను వెలుగుతూ ఆరుతూ ఉండటం డ్రమ్ముల వెనక నుంచి నాకు కనబడుతూనే ఉంది.

మిగతా ఏడు పాటలూ మధే పాడాడు. అయిపోయాక వెళ్లి తండ్రి ఎదుట నిలబడ్డాడు. మళ్లీ వానల సంగతే ఎత్తాడు. నేను ఆగలేక మధ్యలో దూరి ఓటు సంగతి, రోహిణిని నేనన్న మాట, పదకొండుసార్లు పాడించడం, అన్నీ చెప్పేశాను. అంతలో గోవిందప్ప ఫోను మళ్లీ మోగింది. ఈసారి ఎత్తాడు. ‘జర ఆగు’లో ఆడపిల్ల గొంతు వస్తోంది, మీవాడి పాట ఏదప్పా అని అవతలి మనిషి అడగడం మాకూ వినబడింది.

“మావాడూ పాడినాడు” అన్నాడు గోవిందప్ప. “ఆ పాప ఇంగా బాగా పాడింది. ఆ పాపదే పెట్టమని మావాడే చెప్పినాడు.”

ఫోను జేబులో వేసుకుని కొడుకు వైపు చూశాడు.

“ముప్పై ఏండ్లుగా చీరలు అమ్ముతాండా. పక్క అంగట్లో చీర నాదానికంటే బాగుందని ఒక్క దినం గూడా నా నోట రాలేదురా.”

ఆ మాట అని, పక్క కుర్చీ లాగి మధును కూర్చోబెట్టుకున్నాడు. నువ్వు పాడింది ఎట్లుంటాదో పాడు, విందాం అన్నాడు.