పేరు మార్చిన మేస్త్రి

మా అల్లుడు మబ్బుల మేస్త్రి. ఆ పేరు నేను పెట్టిందే. ఇటుక ముట్టడు, సున్నం అంటించుకోడు. కుర్చీలో కాళ్ళు ముడుచుకుని, నల్లటి తెర మీద నాలుగు ముక్కలు కొట్టి, ఎక్కడో ఎవరి గోదాములోనో ఉన్న కంప్యూటర్లను లేపుతాడు, పడుకోబెడతాడు. దాన్నే క్లౌడ్ అంటారట. ఇన్ని సర్వర్లు, ఇంత డేటాబేసు, ఇక్కడ తలుపు, ఇక్కడ తాళం అని ఏం కావాలో ముందు ఒక ఫైల్లో రాసిపెడతాడు. ఆజ్ఞ ఇవ్వగానే అతని పనిముట్టు ఆ రాతనీ, అక్కడ నిజంగా ఉన్నదాన్నీ పోల్చి చూసి, ఏది కట్టబోతుందో, ఏది కూల్చబోతుందో ముందే చెబుతుంది. కట్టేదానికి ప్లస్సు, కూల్చేదానికి మైనస్సు. ఆపైన సరేనా అని అడుగుతుంది. ఇంగ్లీషులో ఎస్ అని మూడక్షరాలూ కొడితేగాని చెయ్యి వెయ్యదు. ఉన్న మర్యాదంతా పనిముట్టుకే ఖర్చయిపోయినట్టుంది, వాడేవాళ్ళకి మిగల్లేదు.

నేను కూతురింటికొచ్చి తిష్ట వేసి చాన్నాళ్ళయింది. మా అమ్మాయికి ఇంటి కింది భాగంలో కుట్టు దుకాణం ఉంది. ఒక పెద్ద ఆస్పత్రివాళ్ళు నర్సులందరికీ యూనిఫారాలు కుట్టమని పని ఇచ్చారు. తొలి విడత సమయానికి అందితే ఏటా ఇస్తామన్నారు. ఆ పని నిలబడితే ఇంకో కుట్టుమిషను కొనొచ్చని అది కలలు కంటోంది. ఆస్పత్రిలో అన్ని షిఫ్టులకూ వెళ్ళి, ఒక్కొక్కరినీ నిలబెట్టి కొలతలు తీసుకొచ్చింది.

ఇదివరకు అది కొలతల్ని కాగితం ముక్క మీద రాసి, గుడ్డకి గుండుసూదితో గుచ్చేది. అల్లుడు ఆ సూదిని చూసి పడీ పడీ నవ్వాడు. ఇంకా రాతియుగంలోనే ఉన్నావన్నాడు. దుకాణానికో వెబ్‌సైటు కట్టి, కొలతలన్నీ క్లౌడులోని డేటాబేసులోకి ఎక్కించాడు. కాగితాలు చెత్తబుట్టలో వేయించాడు. సోమవారం గుడ్డ కత్తిరించాలి.

ఆదివారం భోజనాల దగ్గర నేను మా ఊరి తాపీమేస్త్రి కథ ఎత్తుకున్నాను. ఒకాయన మేస్త్రిని పిలిచి, గుమ్మం మీద మా నాన్న పేరుంది, చెరిపి నా పేరు చెక్కవయ్యా అన్నాడు. మేస్త్రి దృష్టిలో పేరు మారితే అది వేరే ఇల్లు. అందుకని పాత ఇంటిని మంచాలూ గిన్నెలతో సహా నేలమట్టం చేసి, పక్కన అచ్చం అలాంటిదే ఇంకోటి కట్టి, కొత్త పేరు చెక్కి తాళంచెవి చేతికిచ్చాడు. ఇంటాయన, మా అవ్వ ఏదయ్యా అంటే, ఆవిడ ఉండేది పాత ఇంట్లో కదండీ అన్నాడట మేస్త్రి. అవ్వ దూలం పట్టుకు వేలాడి బతికిపోయింది లెండి.

అమ్మాయి నవ్వింది. అల్లుడు మాత్రం మూతి విరిచాడు.

"అంత మొద్దు ఎవడైనా ఉంటాడా మామయ్యగారూ? మీ ఊళ్ళో అబద్ధాలకి పన్ను లేదు కాబట్టి సరిపోయింది."

చెయ్యి కడుక్కుని అతను కంప్యూటరు ముందు కూర్చున్నాడు. మర్నాడు ఆఫీసులో పదిమంది ముందు తన ఫైళ్ళు తెరిచి, ఎంత శుభ్రంగా రాస్తాడో చూపించుకోవాలట. వాటిలో ఈ దుకాణం డేటాబేసు పేరు ఉత్త "కొట్టు" అని ఉంది. అది అమ్మాయి పెట్టిన పేరు. అతనికి నామోషీ అయింది. దాన్ని తీసేసి, రైలుబండంత ఇంగ్లీషు పేరు రాసి ఆజ్ఞ ఇచ్చాడు.

పనిముట్టు మొండికేసింది. ఈ డేటాబేసును ఎవరూ కూల్చకూడదని మొదట్లో అతనే ఫైల్లో ఒక తాళం వాక్యం రాసుకున్నాడు మరి. అడ్డంగా ఉందని గొణుక్కుని ఆ వాక్యాన్ని కొట్టేశాడు. మళ్ళీ ఆజ్ఞ ఇచ్చాడు. ఈసారి తెర మీద ఒక ప్లస్సూ, ఒక మైనస్సూ వచ్చాయి. మైనస్సు ఎర్రగా ఉంది. వెనక కూర్చున్న నాకే కనబడింది.

"ఆ ఎర్ర గీతేమిటి అల్లుడుగారూ?"

"అవన్నీ మామూలే. పేరు మారుతోంది, అంతే."

ఎస్ కొట్టాడు. పనిముట్టు కాసేపు మూలిగి, పని పూర్తయిందని చెప్పింది.

కొంతసేపటికి అమ్మాయి మెట్లెక్కి వచ్చి, కొలతలు ఒక్కటీ కనబడటం లేదు, నెట్ పోయిందా అని అడిగింది. అల్లుడు తెర వైపు వంగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు, ముఖం సున్నం కొట్టిన గోడలా అయింది. నకళ్ళున్నాయన్నాడు. చూస్తే నకళ్ళన్నీ ఆ డేటాబేసుకే కట్టేసి ఉన్నాయి, దానితోపాటే పోయాయి. కూల్చేముందు ఆఖరి నకలు తీసే ఏర్పాటు కూడా ఉందట, ఆలస్యమవుతుందని దాన్ని ఇతనే ఎప్పుడో ఆపేశాడు. ఆపైన ఇంగ్లీషులో చాలా చెప్పాడు. అమ్మాయి అంతా విని, తెలుగులో చెప్పండి అంది.

"ఫైల్లో పేరు మారిస్తే అది వేరే డేటాబేసు అనుకుంటుంది. పాతదాన్ని కూల్చేసి కొత్తది కట్టింది. ఖాళీది."

నా జన్మలో చెప్పిన అబద్ధాలన్నింటిలోకీ పెద్దది మధ్యాహ్నం చెప్పినదే అనుకుని గర్వపడుతున్నాను. అది కాస్తా నిజమై, నా ఎదుటే కుర్చీలో కూర్చుంది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"అవ్వ ఏది అల్లుడుగారూ?"

అమ్మాయి నవ్వలేదు. మెడలో ఉన్న టేపు తీసి అతని మెడలో వేసింది.

"ఆస్పత్రికి పదండి. నేను కొలుస్తాను, మీరు రాయండి. మళ్ళీ ఎందుకొచ్చామని అడిగినవాళ్ళకి మీరే చెప్పాలి."

"ఫోన్లో రాస్తాను..."

"కాగితం మీద."

వెళ్ళారు. వరండాలో నర్సు వెనక నర్సుకి, పేరు బాగుండాలని కొలతలు చెరిపేసిన సంగతి అతను వినిపించుకున్నాడట. సెలవులో ఉన్నవాళ్ళ కోసం ఆ వారమంతా తిరగాల్సి వచ్చింది. బట్టలు ఆలస్యంగా అందాయి. ఏటా ఇస్తామన్న మాట ఆస్పత్రివాళ్ళు మళ్ళీ ఎత్తలేదు, అమ్మాయి కుట్టుమిషను మాట ఎత్తలేదు.

సోమవారం ఆఫీసులో మాత్రం అందరూ తెగ మెచ్చుకున్నారట, పేర్లు ఎంత చక్కగా ఉన్నాయో అని. ఆ సంగతి అల్లుడు నాతోనే చెప్పుకున్నాడు. ఇంకెవరితో చెప్పుకుంటాడు, పెళ్ళాం మాట్లాడితే కదా.

"ఇక భయం లేదు మామయ్యగారూ. తాళం వాక్యం మళ్ళీ పెట్టేశాను."

"ఆ ఖాళీదానికా?"

అవునన్నట్టు తల ఊపాడు.

"మంచిపని చేశారు," అన్నాను. "ఖాళీని కూల్చడం ఇక మీ తరం కూడా కాదు."