కుని పళ్ళెం

పప్పు పొంగి స్టవ్ మీద పడింది. నాగేశ్వరమ్మ చూసి కూడా మంట తగ్గించలేదు. ఆవిడ కళ్ళు కిటికీలోంచి ఆకాశం మీద ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా ఈ అంగన్‌వాడీలో ఆయాగా వండుతోంది, పప్పు పొంగనిచ్చిన రోజు లేదు. ఈరోజు మాత్రం ఆవిడకి వాన కావాలి. ఒక్క జల్లు పడితే చాలు, వరండా తడుస్తుంది, అక్కడ వేసిన చాప లోపలికి తెచ్చుకోక తప్పదు. అప్పుడు ఎవరికీ జవాబు చెప్పుకోనక్కర్లేదు. కానీ జూన్ నెలాఖరు ఆకాశం తోమిన గిన్నెలా మెరిసిపోతోంది.

ఆ వరండా చాప సంగతి చెప్పాలి. మామిడికాయల కాలం మొదలవగానే, ఊరి బయట షెడ్డులో కాయలు ఏరి ట్రేలకెత్తడానికి ఒడిశా నుంచి మూడు కుటుంబాలు వచ్చాయి. వాళ్ళతో ముగ్గురు పసిపిల్లలు. ఎక్కడి పిల్లలైనా సరే, ఉన్న ఊళ్ళోనే పేరు రాసుకుని తిండి పెట్టాలని ప్రభుత్వం ఆర్డరు వేసింది. లేయా టీచరు తల్లుల మీటింగులో ఆ కాగితం రెండుసార్లు చదివింది. బియ్యం వచ్చాయి, గుడ్లు వచ్చాయి, మూడు కొత్త పళ్ళేలు కూడా వచ్చాయి. చాప ఎక్కడ వెయ్యాలో మాత్రం ఆ కాగితంలో లేదు.

"వాళ్ళెవరో ఏంటో. ఏ జబ్బులున్నాయో తెలీదు. మా వాడి పక్కన కూర్చోబెట్టొద్దండీ" అంది భవాని ఆ మీటింగులో. ఆమె కొడుకు శశాంక్‌కి ముందు వారమే జ్వరం వచ్చి తగ్గింది. తల్లి భయం తల్లిది. మిగతా తల్లులు కూడా తలలాడించారు. టీచరు నోరు తెరిచేలోపు నాగేశ్వరమ్మే కల్పించుకుంది.

"పోనీలెండమ్మా, ఆ ముగ్గుర్నీ వరండాలో కూర్చోబెడతాను. గాలి బాగా తగులుతుంది."

గొడవ లేకుండా తేల్చేసిందని అందరూ మెచ్చుకున్నారు. ఆవిడ కూడా తన తెలివికి తనే మురిసిపోయింది. ఇంటికి వెళ్ళి మంచినీళ్ళు తాగుతుంటే అప్పుడు గుర్తొచ్చింది, ఆ మాట తనది కాదని.

ఆ మాట వాళ్ళమ్మది. అమ్మ తోటలో కాయల గంపలు మోసేది. రైతు ఇంటి గ్లాసులు అరుగు మీద వరసగా ఉండేవి. కూలీల సత్తు గ్లాసు ఒక్కటీ పాక చూరులో దోపి ఉండేది. అమ్మ దాంతో తాగి, కడిగి, మళ్ళీ చూరులో దోపేది. "మన గ్లాసు పైనెందుకమ్మా?" అని అడిగింది ఆరేళ్ళ నాగేశ్వరమ్మ. "అక్కడ గాలి బాగా తగులుద్దే" అంది అమ్మ. ఆ తర్వాత నాగేశ్వరమ్మకి పెళ్ళయింది, పాతికేళ్ళకే మొగుడు పోయాడు, తనూ అవే తోటల్లో చిక్కం కట్టిన గడ పట్టి కాయలు కోసింది. చివరికి ఈ ఉద్యోగం దొరికి, ముంజేతుల నిండా గంజి పడి కాలిన మచ్చలు, రెండు మోకాళ్ళ నొప్పులు సంపాదించుకుంది. ఇన్నేళ్ళలో ఎప్పుడూ తలుచుకోని ఆ గ్లాసు ఆరోజు కళ్ళ ముందుకొచ్చి నిలబడింది. ఆవిడకి చచ్చేంత సిగ్గేసింది.

ఆ ఊళ్ళో పిల్లలు తినే పళ్ళేలు ఇళ్ళ నుంచి తెచ్చినవే. స్టీలు సామాను మీద చుక్కలు చుక్కలుగా పేరు కొట్టించుకోవడం అందరికీ అలవాటు. శశాంక్, మనోజ్ఞ, రమ్య అని పదకొండు పేర్లు గోడకున్న స్టాండులో వరసగా నిలబడి ఉంటాయి. పేరు లేని ప్రభుత్వ పళ్ళేలు మూడూ కింద బకెట్లో. నెల కిందట నూజివీడు వెళ్ళినప్పుడు నాగేశ్వరమ్మ, చేతిలో డబ్బు ఒక్కదానికే సరిపోతే, వరండా పిల్లల్లో అందరికన్నా చిన్నదైన కుని కోసం ఒక చిన్న పళ్ళెం కొంది. పేరు కొట్టే ముసలాయన "ఇంటిపేరు కూడా వెయ్యాలా అమ్మా?" అని అడిగాడు. "తెలీదండీ. కుని అని వెయ్యండి చాలు" అంది. కొనడమైతే కొంది గానీ, బయటికి తీసే ధైర్యం రాలేదు. నెల రోజులుగా ఆ పళ్ళెం ఆవిడ సంచిలోనే ఇంటికీ సెంటరుకీ తిరుగుతోంది.

మిగతా ఇద్దరు పిల్లలూ పోయిన వారమే వెళ్ళిపోయారు. నాలుగేళ్ళ కుని ఒక్కతే మిగిలింది. ఈ మధ్యాహ్నం రెండింటికి కుని వాళ్ళు కూడా బయల్దేరుతున్నారు.

పన్నెండయింది. వాన రాలేదు. లేయా టీచరు ప్రాజెక్టు ఆఫీసులో మీటింగుకి వెళ్ళింది. నాగేశ్వరమ్మ చెంగుతో మొహం తుడుచుకుని గుమ్మంలోంచి వరండాలోకి తొంగి చూసింది. చాప మీద కుని ఒంటరిగా, గోడకి వీపు ఆనించి బుద్ధిగా కూర్చుని ఉంది.

"ఆ" అని పిలిచింది. రా అని. ఆవిడకి వచ్చిన ఒడియా రెండే మాటలు, రా అనీ తిను అనీ.

కుని లేచి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. లోపలికి అడుగు పెట్టలేదు. పెట్టకూడదని ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. మూడు నెలల్లో తనే నేర్చుకుంది. నాగేశ్వరమ్మ పిల్ల దగ్గరికి వెళ్ళింది. వంగితే మోకాళ్ళు కలుక్కుమన్నాయి, అయినా పిల్లని ఎత్తుకుని తీసుకెళ్ళి శశాంక్ పక్కన కూర్చోబెట్టింది. సంచిలోంచి పళ్ళెం తీసి, కడిగి, ముందు పెట్టింది.

అన్నం సగంలో ఉండగా భవాని వచ్చింది.

"ఇదేంటి ఆయమ్మా? ఒక్క మాటైనా చెప్పకుండా లోపల కూర్చోబెట్టేశావు?"

నాగేశ్వరమ్మ గరిటె గిన్నెలో పెట్టింది. "బయట కూర్చోబెట్టింది కూడా నేనేగా భవానీ. అది నా తప్పు. ఆ పిల్ల ఇవాళ ఊరెళ్ళిపోతుందమ్మా, ఈ ఒక్క పూటైనా అందరితో తిననీ. ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో."

భవాని కొడుకుని లేపడానికి ముందుకొచ్చింది. శశాంక్ గుడ్డులోంచి పచ్చసొన జాగ్రత్తగా ఊడదీసి కుని పళ్ళెంలో వేస్తున్నాడు. కుని దాన్ని టక్కున నోట్లో వేసుకుని, తన తెల్లసొన వాడికిచ్చింది. మొదటిసారి చేసే పనిలా లేదు. పెద్దవాళ్ళు గుమ్మానికి అవతలా ఇవతలా పెట్టిన పిల్లలు, ఎవరూ చూడనప్పుడు గుమ్మం మీదుగానే బేరం కుదుర్చుకున్నారు కాబోలు.

"ఇంట్లో అయితే రోజూ పారేస్తాడు ఎదవ" అంది భవాని, ఎవరితో అంటోందో తెలియకుండా. అని, వాడి తినడం అయ్యేదాకా గుమ్మంలో కూర్చుంది.

రెండింటికి రోడ్డు మీద ట్రాలీ ఆటో ఆగింది. కుని తల్లి సుభద్ర దిగి వచ్చింది, చేతులకి మామిడి సొన మరకలు ఇంకా వదల్లేదు. నాగేశ్వరమ్మ పళ్ళెం తుడిచి ఆమె చేతిలో పెట్టింది. సుభద్ర ఆ చుక్కల మీద వేలు పెట్టి, ఏంటని కళ్ళతోనే అడిగింది.

"కుని పేరమ్మా."

సుభద్ర చాలాసేపు ఆ పేరు తడిమింది. చదవడం రాకపోయినా కళ్ళు నిండాయి. తర్వాత పళ్ళేన్ని వెనక్కి ఇచ్చేసింది.

"ఇంట్లో పళ్ళెం ఉంది అమ్మా. ఇక్కడే లేదు. ఇది ఇక్కడ ఉండాలి" అంది, వచ్చీరాని తెలుగులో మాటా మాటా ఏరుకుంటూ. "మళ్ళీ మామిడికాయకి వస్తాం."

కుని అప్పటికే తల్లి భుజం మీద నిద్రపోయింది. ఆటో హనుమాన్ జంక్షన్ రోడ్డెక్కి తోటల మలుపులో కనపడకుండా పోయింది. నాగేశ్వరమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. తర్వాత అంట్లు తోమింది.

స్టాండులో పన్నెండో పళ్ళేనికి చోటు లేదు. ఎక్కడ పెట్టాలా అని చూస్తుంటే, కొడుకుని తీసుకెళ్ళడానికి మళ్ళీ వచ్చిన భవాని, వాడి చెయ్యి పట్టుకుని వెళ్ళబోతూ వెనక్కి వచ్చింది. శశాంక్ పళ్ళేన్ని కాస్త పక్కకి జరిపి వెళ్ళిపోయింది.

ఆ సందులో, తడి ఇంకా ఆరని చిన్న స్టీలు పళ్ళెం, పేరు బయటికి కనబడేలా నిలబడి ఉంది.