సంచిలో స్టవ్ నాబ్‌లు

చిన్న బర్నర్ నాబ్ తేలిగ్గానే ఊడి వచ్చింది. పెద్దదే ఎప్పటిలాగా మొరాయించింది. ఆవిడ తువ్వాలు చివరతో పట్టుకుని అటూ ఇటూ కదిపి లాగితే, చివరికి అలిగినదానిలా వచ్చి అరచేతిలో పడింది. రెండింటినీ చేతిరుమాలులో మూటగట్టి, చేతిసంచి లోపలి అరలో పెట్టి జిప్పు వేసింది. సిలిండర్ అప్పటికే కట్టేసింది. కట్టేసిందో లేదోనని వంగి చూసింది. చూసినట్టు గుర్తుండాలని మళ్ళీ వంగి చూసింది.

"అయిందా?" అన్నాడు మేస్త్రి, గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటూ.

"అయింది. మీ మాత్రలు?"

"నీ సంచిలో ఉన్నాయి."

"నాలుక కింద పెట్టుకునేది?"

"అదీ నీ సంచిలోనే. నేనొక్కణ్ణే బయట ఉన్నాను. నన్ను కూడా అందులో వేసుకుంటే బయల్దేరదాం."

ఆవిడ నవ్వలేదు. బయటికి వెళ్ళేముందు నవ్వితే ఏదో ఒకటి మర్చిపోతానని ఆవిడ భయం.

మేస్త్రి అన్నది ఆయన పేరు కాదు. ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేసినన్నాళ్ళూ అందరూ అలాగే పిలిచారు, ఇంట్లోనూ అదే స్థిరపడిపోయింది. పొడుగాటి గరిటె తిప్పీ తిప్పీ ఆయన కుడి భుజం ఎడమదానికన్నా కాస్త కిందికి వాలి ఉంటుంది. ముంజేతుల మీద ఆవిరికి మాడిన వెంట్రుకలు మళ్ళీ మొలవలేదు. షిఫ్టు మారే వేళకు నాలుగు వందల మంది వరసలో నిలబడేవారు. అందరికీ వడ్డించాక, అడుగున మిగిలింది ఆయన నిలబడే తినేవాడు.

ఆవిడ పనిచేసింది ఆసుపత్రి దుప్పట్లగదిలో. ఉతికి వచ్చినవి ఇస్త్రీ చేసి మడతపెట్టడం, మాసినవి లెక్కచూసి పంపడం. ఆసుపత్రికి వచ్చినవాళ్ళలో ఎక్కువమంది బాగుపడి ఇళ్ళకు పోతారు. కానీ ఆ సంగతి దుప్పట్లగదిలోంచి కనపడదు. అక్కడికి మరకలే వస్తాయి. అందుకే పిల్లలు దగ్గితే ఆవిడకు దగ్గు వినపడేది కాదు, ఆ తరవాత వచ్చేదంతా వినపడేది. కూతురు పెళ్ళయి నాలుగు వీధుల అవతల కాపురం పెడితే, ఆ నాలుగు వీధుల్లో ఎన్ని లారీలు తిరుగుతాయో ఆవిడకు తెలుసు.

ఇద్దరూ రెండేళ్ళ కిందట, కొద్ది వారాల తేడాతో రిటైరయ్యారు. ఇద్దరికి వండడం మేస్త్రికి చేతకాలేదు. రెండు బంగాళదుంపలు చేతిలో పెడితే ఎవరో వెక్కిరించినట్టు చూసేవాడు. స్టవ్ మీద చిన్న బర్నర్ ఆయన ఎన్నడూ ముట్టుకోలేదు. పెద్దది వెలిగించి, పెద్ద గిన్నె పెట్టి, వీధికి సరిపడా వండేవాడు. అదంతా డబ్బాల్లో సర్ది కూతురింటికీ కొడుకింటికీ పై వాటావాళ్ళకూ మోసుకెళ్ళడం ఆవిడ వంతు.

"నాన్నా, మా ఫ్రిజ్‌లో పాలకు కూడా చోటు లేదు. కాసిని రోజులు మమ్మల్ని పస్తులుండనివ్వు," అనేది కూతురు ఫోన్లో.

అప్పుడే ఆయన తన కోరిక బయటపెట్టాడు. "ఇన్నేళ్ళూ నిలబడి వడ్డించాను. ఇక కూర్చుని తినాలి. ఇంకెవరో వండాలి, ఇంకెవరో వడ్డించాలి. బాగుందో లేదో చెప్పి లేచి రావాలి, అంతే." నెలకొక ఊరు వెళ్ళి రావాలన్నాడు. మొదటిసారి బస్టాపు దగ్గరినుంచే వెనక్కి వచ్చారు, గ్యాస్ కట్టేశానో లేదో అని ఆవిడ అన్నందుకు. రెండోసారి సగం దారిలో దిగారు. మూడోసారి ఊరైతే చేరారు గానీ ఆవిడ ముద్ద మింగలేదు. తిరుగు ప్రయాణంలో వీధి మలుపు దగ్గర ఆగి, కాలిన వాసన వస్తోందా అని గాలి పీల్చి చూసింది.

ఆయన కోప్పడలేదు. ఆ సాయంత్రం స్టవ్ ముందు నిలబడి, రెండు నాబ్‌లూ పీకి ఆవిడ చేతిలో పెట్టాడు. "ఇవి నీ దగ్గరుంటే ఆ స్టవ్ ఎవడు వెలిగిస్తాడో చూద్దాం. దారిలో అనుమానం వస్తే సంచి తడుముకో."

వైద్యం పనిచేసింది. ఆ తరవాత మూడు ఊళ్ళు చూసి వచ్చారు. ఒకచోట ఆవిడ ఐస్‌క్రీం కూడా తింది.

పోయినేడు వానాకాలంలో ఆయనకు గుండెనొప్పి వచ్చింది. ఆసుపత్రి మంచం మీద ఆయన పడుకుని ఉంటే, ఆవిడ పక్కన కూర్చుని దుప్పటి మూలల మడతలు సరిచేస్తూ ఉండిపోయింది. ఆ దుప్పట్లు ఆవిడకు తెలిసినవే. డాక్టరు ఉప్పు మానెయ్యమన్నాడు. ఆవిడ ఉప్పు డబ్బా ఎత్తుకెళ్ళి పై అరలో దాచింది. ఒక్క ఇంట్లో రెండు వంటలేమిటని తనకు తాను చెప్పుకుని తనూ మానేసింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చప్పిడి కూర ఆయనే వండేవాడు, పెద్ద బర్నర్ మీదే. తినేటప్పుడు మాత్రం ఇద్దరూ కిటికీలోంచి బయటికి చూస్తూ తినేవారు.

ఇవాళ్టి ప్రయాణం ఏడాదిగా వాయిదా పడుతూ వచ్చినది. క్యాంటీన్‌లో మేస్త్రి పక్కన నిలబడి వడ్డించినవాడు ఒకడున్నాడు. అందరూ వాణ్ణి గరిటె అనేవారు. రైల్లో రెండు గంటల దూరంలో, స్టేషన్ ఎదురుగా ఆరు బల్లల హోటల్ పెట్టుకున్నాడు. "మేస్త్రీ, ఒక్కసారి నా బల్ల దగ్గర కూర్చో" అని నెలనెలా ఫోన్ చేస్తాడు. పోయిన వారం డాక్టరు సరేనన్నాడు, ఉప్పు జాగ్రత్త అని మాత్రం చెప్పాడు. నిన్న మేస్త్రి స్నానానికి వెళ్ళినప్పుడు ఆవిడ బాల్కనీలోకి వెళ్ళి గరిటెకు ఫోన్ చేసింది.

"తమ్ముడూ, ఆయనకు పెట్టేదాంట్లో ఉప్పు వెయ్యకు. వెయ్యలేదని ఆయనకు తెలియకూడదు."

"మేస్త్రికి తెలియకుండానా అక్కా?" అన్నాడు గరిటె. "సరే, నీకోసం ప్రయత్నం చేస్తా."

రైల్లో కిటికీ పక్క సీటు దొరికింది. ఎదుటివాడు పైన పెట్టిన పెట్టె ఆవిడకు నచ్చలేదు. కుదుపు వస్తే అది సరిగ్గా ఎవరి నెత్తిన పడుతుందో అంచనా వేసి, మేస్త్రిని ఇటు జరిపి కూర్చోబెట్టింది. రిటైరయినప్పుడు క్యాంటీన్‌వాళ్ళు ఇచ్చిన చొక్కా వేసుకున్నాడాయన. పొద్దున్నుంచీ ఏమీ తినలేదు, టీ కూడా వద్దన్నాడు. భోజనానికి పిలిస్తే ఖాళీ కడుపుతో వెళ్ళడమే మర్యాదట.

కొడుకు ఫోన్ చేశాడు. "అమ్మా, స్టవ్ పళ్ళు మళ్ళీ పీక్కుని వెళ్ళావా?"

పోయిన నెల వాళ్ళు ఆసుపత్రికి చూపించుకోడానికి వెళ్ళినప్పుడు వాడు తన తాళంతో ఇల్లు తెరిచి, చంటిదానికి పాలు వెచ్చబెడదామని వెళితే స్టవ్‌కు నాబ్‌లు లేవు. పట్టకారుతో తిప్పి చూశాడట. చివరికి పై వాటాలో వెచ్చబెట్టుకొచ్చాడు. అప్పటినుంచీ వాటికి ఆ పేరు పెట్టాడు.

"నువ్వు పట్టకారు జోలికి పోకు. గ్యాస్ లీకైతే తెలుస్తుంది," అంది ఆవిడ, సంచి తడుముకుంటూ.

గరిటె స్టేషన్ బయటే నిలబడి ఉన్నాడు. మంచి బల్ల చూసి కుర్చీ లాగి మేస్త్రిని కూర్చోబెట్టాడు. కూర్చోవడం ఆయనకు సరిగ్గా రాలేదు. మెడ సాచి వంటగదిలోకి చూశాడు. కొత్తగా ఎవరో లోపలికి రాగానే చోటిద్దామని లేవబోయాడు.

గరిటె ఆయన వాలిన భుజం మీద చెయ్యి వేసి నొక్కాడు. "కూర్చో మేస్త్రీ. ఇవాళ లేస్తే ఊరుకోను."

వేడి అన్నం వచ్చింది, బంగాళదుంపల కూర వచ్చింది. వాసన మాత్రం పాత క్యాంటీన్‌దే. మేస్త్రి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. దవడ ఆగింది. ఆవిడ తన పళ్ళెంలోకి చూసుకుంది. ఆయన గరిటె వైపు చూశాడు. గరిటె ఫ్యాను వైపు చూశాడు.

"ఉప్పు సరిపోయిందా మేస్త్రీ?" అన్నాడు గరిటె నెమ్మదిగా. క్యాంటీన్‌లో రోజూ పొద్దున చెంచా అందిస్తూ అడిగిన మాటే.

"ఇన్నాళ్ళకు నీ చేతికి పొదుపు వచ్చిందిరా," అన్నాడు మేస్త్రి. ఇంకో ముద్ద కలుపుకున్నాడు.

సగం తిన్నాక చెయ్యి చాచి బల్ల మీద ఉప్పు గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. ఆవిడకు నాలుక కింద మాత్ర ఏ అరలో ఉందో, ఈ ఊళ్ళో ఆసుపత్రి ఎటువైపో, తిరుగు రైలు ఎప్పుడో అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. ఆయన మూడు వేళ్ళతో చిటికెడు తీశాడు. నాలుగు వందల మందికి ఉప్పు వేసిన వేళ్ళవి. చెయ్యి కాస్త పైకెత్తి, నలుపుతూ, ఆవిడ పళ్ళెం మీద చల్లాడు.

"నాకెందుకండీ?"

"నా పొయ్యి మీద కూర ఎవరు ఎలా తింటున్నారో నాకు తెలియదనుకున్నావా?" అన్నాడు. "ఏడాదిగా చూస్తున్నాను. జబ్బు నాది. నీకేం వచ్చింది? తిను."

ఆవిడ కలుపుకుని తింది. ఇన్నాళ్ళ తరవాత ఆ చిటికెడే ఎక్కువనిపించింది. కళ్ళలో నీళ్ళు తిరిగితే కూర కారంగా ఉందంది. కూరలో కారం లేదని ముగ్గురికీ తెలుసు. పళ్ళెంలో మెతుకు మిగల్చకుండా తింది.

మేస్త్రి చెయ్యి కడుక్కుని వచ్చి, తన కుర్చీ తనే సర్ది, గరిటె ముందు నిలబడ్డాడు. "బాగుంది," అన్నాడు. "దుంప మాత్రం ఒక్క నిమిషం ముందు దించాల్సింది."

గరిటె మొహం పతకం అందుకున్నవాడి మొహంలా అయింది.

తిరుగు రైల్లో ఎండ ఏటవాలుగా సీటు మీద పడింది. "నిద్రొస్తోంది," అని ఆయన ఆవిడ భుజానికి తల ఆనించాడు. "కూర్చుని తినడం కూడా పనేనే. నాకు తెలియలేదు."

"పడుకోండి. మన ఊరొస్తే లేపుతాను."

పైన పెట్టెలు ఎవరివో ఆవిడ చూడలేదు. తలుపు దగ్గర ఎవరు వేలాడుతున్నారో కూడా చూడలేదు. నోట్లో ఇంకా ఉప్పు రుచి ఉంది. సంచి ఒళ్ళోనే ఉంది గానీ తడుముకోవాలనిపించలేదు. వచ్చే నెల ఎటు వెళదామంటాడో అనుకుంది. ఎటైనా సరేనంటే తన మాటకు ఆయన ఎలా తెల్లబోతాడో అనుకుని, తనలో తనే నవ్వుకుంది.

వాళ్ళ స్టేషన్ వచ్చింది.

"ఏమండీ, దిగాలి."

పెట్టెలు దించుకుని జనం దిగిపోయారు. "ఏమండీ," అంది మళ్ళీ, ఇంకా మెల్లగా. ఆయన చెయ్యి ఆవిడ చేతిలోంచి జారి సీటు మీద పడింది. ఆవిడ ఆయన చొక్కా కాలరు మీద ఎండిన మెతుకు ఒకటి అంటుకుని ఉంటే గోటితో తీసేసింది. ఎన్నో రకాలుగా భయపడింది జీవితమంతా. కడుపునిండా తిని, తన భుజం మీద తలపెట్టి, పగటి వెలుతురులో నిద్రలోనే పోతాడని మాత్రం ఎప్పుడూ భయపడలేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఇంటినిండా కుర్చీలు వేశారు. ఆ గుండె ఏ గంటకైనా ఆగేదేనని, తిన్నదానికీ దీనికీ సంబంధం లేదని డాక్టరు చెప్పినట్టు కొడుకు అందరికీ చెబుతున్నాడు, ముఖ్యంగా గుమ్మం దగ్గర చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డ గరిటెకు. కూతురు తల్లిని ఆనుకుని కూర్చుంది. చంటిది ఆకలికి ఏడుపు అందుకుంది. కోడలు పాలగిన్నెతో వంటగదిలోకి వెళ్ళి, అంతలోనే తిరిగి వచ్చి మొగుడి చెవిలో ఏదో చెప్పింది.

కొడుకు వచ్చి తల్లి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా, స్టవ్..." అన్నాడు. పెట్టిన పేరు పలకలేకపోయాడు.

సంచి ఇంకా ఆవిడ ఒళ్ళోనే ఉంది. జిప్పు తీసింది. మాత్రలు, నీళ్ళ సీసా పక్కకు జరిపి రుమాలు మూట బయటికి తీసి విప్పింది. చిన్న నాబ్ తీసి కొడుకు చేతిలో పెట్టింది.

"పాలకు ఇది చాలు నాన్నా. సన్నగా పెట్టమను, పొంగుతాయి."

పెద్దది రుమాలులో ఉండిపోయింది. దాని అంచున, మేస్త్రి బొటనవేలు ఆనే చోట, గీతలన్నీ అరిగి నున్నగా మెరుస్తోంది.